పిల్లి పిల్ల బొజ్జ చూసి మోసపోకండి

పర్లాకిమిడి, గుణుపురం, పాతపట్నం వైపు పిల్లి పిల్లను కొందామనుకుంటున్న వాళ్ళు దయచేసి ఇది చదవండి. పోయిన నెల బరంపురంలో ఒకాయన దగ్గర రెండు నెలల పర్షియన్ పిల్లను కొన్నాం. "వ్యాక్సిన్, డీవార్మింగ్ అన్నీ అయిపోయాయి మేడమ్" అన్నాడు. పొట్ట అంత గుండ్రంగా ఉందేమిటని అడిగితే, బాగా తింటుందన్నాడు. వెన్ను తడిమితే మాత్రం ఎముకలు చేతికి తగిలాయి. వెన్ను బక్కగా ఉండి పొట్ట ఉబ్బితే కడుపులో పురుగులున్నాయేమోనని అనుమానించాలి. అక్కడే ఆగాల్సింది.

నాలుగో రోజు పొద్దున్నే కక్కింది. అందులో ఉడికిన సేమియాలా తెల్లటి పురుగులు, వేలెడు పొడవున, ఇంకా కదులుతున్నాయి. తోక కింద బొచ్చుకు బియ్యపు నూకల్లాంటివి అంటుకుని ఉన్నాయి. మా మూడేళ్ళ పాప రోజంతా దాన్ని ఒళ్ళోనే పెట్టుకునేది. ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను.

పశువుల డాక్టరుగారు మలాన్ని మైక్రోస్కోపులో చూసి ఏలికపాముల గుడ్లున్నాయన్నారు. ఇవి తల్లి పాలతోనే పిల్లలకు వస్తాయట. అందుకే రెండు మూడు వారాల వయసు నుంచే, రెండు వారాలకోసారి మందు వేయాలి. మందు పేగులో ఉన్న పురుగుల్నే చంపుతుంది, ఒంట్లో తిరిగే లార్వాలు (పురుగు పిల్లలు) తర్వాత పేగుకు చేరతాయి కాబట్టి ఒక్క డోసు చాలదు. ఆ నూకలేమో బద్దెపురుగు ముక్కలు. ఒళ్ళు నాక్కునేటప్పుడు బొచ్చులో ఉండి రక్తం తాగే చిన్న పురుగుల్ని, అంటే ఫ్లీస్‌ను మింగితే వస్తుంది. దానికి ఏలికపాములకు వేసే పైరాంటెల్ మందు పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ కావాలి. ఫ్లీస్ కోసం కుక్కల మందు మాత్రం పూయకండి, అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి ప్రాణాంతకం.

ఇంటికొచ్చి ఆయనిచ్చిన కార్డు తీశాను. డీవార్మింగ్ ఎదురుగా ఒక టిక్కు, అంతే. మందు పేరు లేదు, తేదీ లేదు, పిల్ల బరువు లేదు. వ్యాక్సిన్ స్టిక్కరూ లేదు. ఫోన్ చేస్తే "మీ ఇంట్లోనే పట్టి ఉంటాయి" అన్నాడు. ఏలికపాము అంత పెరగడానికి వారాలు పడుతుంది, మా ఇంటికొచ్చి నాలుగు రోజులే!

కొనేముందు తోక ఎత్తి చూడండి, వెన్ను తడమండి. కార్డులో మందు పేరు, తేదీ, బరువు రాసి లేకపోతే డబ్బు ఇవ్వకండి. వీలైతే మలం పరీక్ష అయ్యాకే మిగతా డబ్బు ఇస్తామని చెప్పండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మలం ట్రే రోజూ శుభ్రం చేయాలి. మలంలోని ఏలికపాము గుడ్లు బయటపడగానే అంటుకోవు, కొన్ని వారాలు నిల్వ ఉంటేనే ప్రమాదం.

మా పిల్లి పిల్లకు రెండో డోసు వచ్చే మంగళవారం. నిన్నటి నుంచి పాలపళ్ళతో నా చెప్పులు కొరుకుతోంది. పాపను మాత్రం ఇంకా దగ్గరికి రానివ్వడం లేదు.