ఐస్ స్క్రాచర్లు రెండు సీజన్లు వాడాను, మంచీ చెడూ రెండూ రాస్తున్నా

స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి, మేం స్లెడ్ అని కూడా అంటాం) నడిపేవాళ్లు నలుగురు కలిస్తే ఇంజిన్ గురించి, సస్పెన్షన్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం కానీ ఐస్‌ని గీరి పొడి లేపడానికి రైల్స్ పక్కన వేలాడే ఈ రెండు చిన్న ముక్కల గురించి ఎవరూ మాట్లాడరు. నేనూ మొదట్లో పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం ఇవి లేకుండా స్లెడ్ బయటికి తీయను, ఎందుకో చెప్తా, అలాగే వీటిని నమ్ముకుని ఏం చేయకూడదో కూడా చెప్తా, నిజానికి ఈ రివ్యూ రాయాలనిపించింది ఆ రెండోదాని కోసమే.

ముందు విషయం ఏంటంటే, లిక్విడ్ కూల్డ్ (కూలెంట్ అనే ద్రవంతో ఇంజిన్ చల్లబడే) స్లెడ్ చల్లబడేది ప్రధానంగా మంచుతోనే. ట్రాక్ (బండిని ముందుకు తోసే రబ్బరు పట్టా) పైన టన్నెల్ (ట్రాక్‌ని కప్పే లోహపు గూడు) లోపల హీట్ ఎక్స్‌ఛేంజర్లు ఉంటాయి, ట్రాక్ తిరుగుతూ ఎగజిమ్మే మంచుపొడి వాటికి తగిలి కరుగుతుంది, దాంతో కూలెంట్ వేడి దిగుతుంది. ట్రాక్ జారే రైల్స్ అడుగున హైఫాక్స్ అని ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి కదా, వాటికి గ్రీజు గీజు ఏమీ ఉండదు, వాటికి లూబ్రికేషన్ కూడా ఆ మంచే. అంటే మెత్తటి మంచు ఉన్నంతసేపు అన్నీ బాగానే ఉంటాయి, గట్టి ఐస్ మీదకి వెళ్లామా పొడి లేవదు, ఒకపక్క ఇంజిన్ వేడెక్కుతుంది ఇంకోపక్క హైఫాక్స్ కరుగుతుంది. ఫ్యాన్ కూల్డ్ స్లెడ్ ఉన్నవాళ్లు మాకు అవసరం లేదులే అనుకుంటారు, ఇంజిన్ వరకు నిజమే, హైఫాక్స్ మాత్రం వాళ్లకీ ఉంది, అదీ కరుగుతుంది.

ఈమధ్య చలికాలాలు ఎలా ఉంటున్నాయో తెలిసిందే. 2023-24 చలికాలం అమెరికా ప్రధాన భూభాగం మొత్తానికి రికార్డుల్లోనే అన్నిటికన్నా వెచ్చనిది. వారం మంచు పడుతుంది, మూడు రోజులు కరుగుతుంది, ఒక రాత్రి వాన కురుస్తుంది, తెల్లారేసరికి మళ్లీ సున్నాకి చాలా కిందకి పోతుంది. అలా కరిగి గడ్డకట్టిన ట్రైల్ (స్నోమొబైల్ దారి) పైకి తెల్లగానే కనిపిస్తుంది కానీ కింద గాజుపలకే. నాకు అనుభవం అయింది అలాంటి పొద్దునే. ట్రైల్ ఓపెన్ అని ఉంది, గ్రూమర్ (ట్రైల్ మంచుని చదును చేసే బండి) మాత్రం ఇంకా తిరగలేదు, బయల్దేరి పట్టుమని పావుగంట కాలేదు టెంపరేచర్ లైట్ వెలిగింది, ప్లాస్టిక్ కాలిన వాసన. ట్రైల్ అంచున కాస్త మెత్తటి మంచు ఉన్నచోట ఆపి, చేతులతో మంచు తోడి టన్నెల్ మీద పోసి, చల్లారేదాకా నిలబడి, అలా నాలుగుసార్లు ఆగి ఇంటికి చేరాను. హైఫాక్స్ రెండు వైపులా మార్చాల్సి వచ్చింది.

ఆ తర్వాత కొన్నా మొదటి జత. అవి స్ప్రింగ్ స్టీల్ తీగ రకం, రైల్‌కి బిగిస్తే కొన ఐస్ మీద గీరుకుంటూ వస్తుంది, ఆ గీతలోంచి లేచిన పొడి ట్రాక్‌లోకి వెళ్తుంది. పని బాగానే చేసింది, కానీ ఒకసారి మలుపు దగ్గర ఎదురుగా గుంపు వస్తుంటే దారి ఇద్దామని రివర్స్ వేశా, పైకి ఎత్తి లాక్ చేయలేదు, ఎడమవైపుది ఐస్‌లో గుచ్చుకుని వంగి విరిగిపోయింది. రివర్స్ వేసేముందు ఎత్తాలని ఆ డబ్బాలో ఇచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు, అది చాలా తప్పు, కొత్తగా కొన్నవాడికి ఎలా తెలుస్తుంది. కంపెనీ పేరు ఇక్కడ రాయట్లేదు.

రెండో జత కేబుల్ రకం, ఈ రివ్యూ దాని గురించే. తీగ బదులు మందపాటి స్టీల్ కేబుల్, కొనకి కార్బైడ్ (త్వరగా అరగని చాలా గట్టి పదార్థం) టిప్. రివర్స్ వేస్తే కేబుల్ అటు మడుచుకుంటుంది తప్ప విరగదు, రెండు సీజన్లలో ఎన్నిసార్లు మర్చిపోయి రివర్స్ వేశానో లెక్కలేదు, ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. బిగించడానికి గంటలోపే పట్టింది, రైల్‌కి రంధ్రం వేయాలి, ఇక్కడ మాత్రం తొందరపడొద్దు, సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు కేబుల్ ట్రాక్‌కి తగలకుండా ఉందో లేదో చూసుకుని మార్క్ చేసుకోండి, నేను ఇంకో మనిషిని సీటు మీద కూర్చోబెట్టి కిందకి నొక్కించి మరీ చూశా.

పనితనం అయితే నేను అనుకున్నదానికంటే ఎక్కువే. అదే ట్రైల్, దాదాపు అలాంటి గట్టి ఐస్, టెంపరేచర్ పెరుగుతున్నప్పుడు దించితే రెండు మూడు నిమిషాల్లో ముల్లు కిందకి రావడం కళ్లారా చూశాను. ముందు ఏడాది సీజన్ మధ్యలో హైఫాక్స్ మార్చినవాడిని, ఈసారి సీజన్ అయిపోయాక చూస్తే అరుగుదల గీతకి ఇంకా చాలా పైనే ఉంది.

లోపాలు కూడా ఉన్నాయి. పైకి ఎత్తి తగిలించే కొక్కెం చిన్నది, స్లష్ (సగం కరిగిన మంచు) పడి గడ్డకడితే గ్లౌజులతో తీయడం కుదరదు, గ్లౌజు తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. ఎడమ టిప్ కుడిదానికన్నా ముందు అరిగింది, కారణం నాకు అంతుపట్టలేదు. ఇంకొకటి, ఇవి దించి నడిపితే వెనక సన్నటి ఐస్ పొడి లేస్తుంది, వెనకొచ్చేవాళ్లకి దారి సరిగ్గా కనిపించదు, కాబట్టి గుంపులో వెళ్లేటప్పుడు దూరం ఎక్కువ ఉంచమని ముందే చెప్పండి. రోడ్డు దాటేటప్పుడు, చెక్క వంతెన ఎక్కేముందు పైకి ఎత్తేయండి, వంతెన చెక్కలు గీరుకుపోతాయి, వాటిని మళ్లీ వేసేది చాలాచోట్ల క్లబ్ వాలంటీర్లే. లోతైన మంచులో అయితే వీటితో పనే లేదు.

ఇప్పుడు అసలు విషయం. కొనేముందు వేరేవాళ్లు రాసిన రివ్యూలు చదివాను, అందులో కొందరు ఇవి ఉంటే మంచు లేకపోయినా తిరగొచ్చు, ట్రైల్ మూసినా పర్లేదు అన్నట్టు రాశారు. చదివి నిజంగా బాధేసింది. స్క్రాచర్లు ఇంజిన్‌ని చల్లబరుస్తాయి, హైఫాక్స్‌ని కాపాడతాయి, అంతే. వీటివల్ల ఐస్ మీద స్టీరింగ్ మెరుగవదు, బ్రేక్ దూరం తగ్గదు, దానికి ముందున్న స్కీల కింద ఐస్‌ని పట్టుకునే కార్బైడ్లు బాగుండాలి, వేగం తగ్గాలి. ఇంజిన్ వేడెక్కట్లేదు కదా అని ధైర్యం వచ్చి వేగం పెంచడమే వీటితో వచ్చే పెద్ద ప్రమాదం, నాకూ మొదటి వారం అలా అనిపించింది కాబట్టే చెప్తున్నా.

ట్రైల్ మూశారంటే దానికి కారణం ఉంటుంది. చాలా ట్రైల్స్ ప్రైవేటు పొలాల మీదుగా పోతాయి, ఆ రైతు మంచి మనసుతో ఒప్పుకుంటేనే మనకి దారి. మంచు పలచగా ఉన్నప్పుడు ట్రాక్ నేరుగా పంట మీద పడుతుంది, చలికాలంలో పొలంలో ఉన్న గోధుమో పశువుల గడ్డో చచ్చిపోతుంది. కింద నేల గడ్డకట్టకముందు మంచు పడితే ఇంకా ఘోరం, బురదలో గాడులు పడి అవి వసంతం దాకా అలాగే ఉంటాయి. ఆ రైతు వచ్చే ఏడాది వద్దంటే ఆ ముక్క ఒక్కటే కాదు, దాని రెండు వైపులా ఉన్న ట్రైల్ మొత్తం తెగిపోతుంది. సైలెన్సర్ మార్చేసి రాత్రిపూట ఇళ్ల పక్క నుంచి హోరెత్తించేవాళ్ల వల్ల కూడా ఇలాగే దారులు పోతున్నాయి.

గ్రూమర్ సంగతీ చెప్పాలి. అది ఎక్కువగా రాత్రిపూట ఎందుకు తిరుగుతుందంటే చలి ఎక్కువ, బండ్లు తక్కువ, గుంతలు కోసి చదును చేసిన మంచు గట్టిపడటానికి కొన్ని గంటలు కావాలి. మనం దాని వెనకే తోలుకుంటూ పోతే వాళ్లు రాత్రంతా పడ్డ కష్టం పది నిమిషాల్లో పాడవుతుంది. ఎదురొస్తే కుడివైపు పక్కకి తీసి ఆగండి, వాళ్లని పోనివ్వండి. వెచ్చగా ఉన్న మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్లడం మంచిది, మధ్యాహ్నం మెత్తబడ్డ ట్రైల్ మీద ప్రతి స్లెడ్ ఒక గుంత తవ్వి పోతుంది.

చెరువుల మీద ఐస్ గురించి అయితే స్క్రాచర్ల పేరే ఎత్తొద్దు. మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెప్పేదాని ప్రకారం స్నోమొబైల్‌కి కనీసం 5 నుంచి 7 అంగుళాల కొత్త, తేటగా ఉన్న ఐస్ కావాలి, తెల్లగా ఉన్నదైతే దానికి రెట్టింపు. కరిగి గడ్డకట్టే చలికాలంలో ఎక్కువగా కనిపించేది ఆ తెల్ల ఐసే. పైన మంచు దుప్పటిలా పడితే ఐస్ మందం సరిగ్గా పెరగదు, వాగు కలిసేచోట, వంతెన కింద ఇంకా పలచగా ఉంటుంది. నేను అయితే కొలిచి చూసిన చెరువు మీదే వెళ్తా, ఐస్ పిక్స్ (నీళ్లలో పడితే ఐస్‌కి గుచ్చి పైకి రావడానికి వాడే మొనలు) మెడలో వేసుకుని వెళ్తా, ఒంటరిగా వెళ్లను.

గుంపులో వెళ్లేవాళ్లు చేతి సైగలు కూడా నేర్చుకోండి, ఎడమ చెయ్యి నిటారుగా పైకెత్తితే ఆగమని, ఆఖరున వచ్చేవాడు పిడికిలి బిగించి భుజం ఎత్తున చూపిస్తే నా వెనక ఇంకెవరూ లేరని. మలుపు దగ్గర ఎదురొచ్చేవాళ్లకి ఇది తెలిస్తే ఐస్ మీద సడెన్ బ్రేక్ వేసే అవసరం చాలా వరకు తప్పుతుంది.

నా వరకు ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర మార్కు కొక్కెం కోసం తగ్గించా. తీగ రకం, కేబుల్ రకం మధ్య ఆలోచిస్తున్నవాళ్లు కేబుల్‌దే తీసుకోండి. ఈ వారాంతం ఇక్కడ మళ్లీ వాన పడింది, ట్రైల్ మూసేశారు, స్లెడ్ షెడ్‌లోనే ఉంది. కుడి టిప్ ఇంకో సీజన్ వచ్చేలా ఉంది, ఎడమది విప్పేసి కొత్తది వేస్తున్నా.