లాంకాస్టర్‌లో దిగి చూడండి: షార్ప్, పేలీ, ఆస్టిన్ కట్టడాల కోసం ఓ వీకెండ్

మాంచెస్టర్‌లో ఉండే మనవాళ్లం సెలవు దొరికితే లేక్ డిస్ట్రిక్ట్‌కే పరుగెడతాం, దారిలో లాంకాస్టర్ వచ్చినా దిగం. ఈసారి అక్కా నేనూ కావాలనే దిగాం. 1835లో ఎడ్మండ్ షార్ప్ ఈ చిన్న ఊళ్లో ఆర్కిటెక్ట్ ఆఫీసు పెట్టాడు. భాగస్వాములు మారేకొద్దీ పేరు మారుతూ వచ్చిన ఆ ఆఫీసు, లండన్‌కు మకాం మార్చకుండానే వందేళ్లకు పైగా నడిచింది. ఉత్తర ఇంగ్లండ్‌లో ఎన్ని చర్చిలు కట్టిందో!

ముందు కెథడ్రల్‌కి వెళ్లాం. షార్ప్ దగ్గర పని నేర్చుకుని, 1845లో భాగస్వామై, తర్వాత ఆయన చెల్లెల్నే పెళ్లి చేసుకున్న పేలీ కట్టింది ఇది. 1859లో పూర్తయింది, శిఖరం 240 అడుగులు. లోపల చాలాసేపు ఊరికే కూర్చున్నాం, లేవబుద్ధి కాలేదు. స్టేషన్‌కి దగ్గర్లోనే ఉన్న ‘స్టోరీ’ అనే భవనం కూడా పేలీ, ఆయన తర్వాతి భాగస్వామి ఆస్టిన్‌లదే, బయట నుంచి చూసి వచ్చేశాం.

బస మాత్రం నిరాశే. గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రంగా ఉంది కానీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, పొద్దున వేడినీళ్లు రాలేదు, చెబితే పట్టించుకున్నవాళ్లూ లేరు. పెద్దవాళ్లతో వెళ్తే కింది గది ముందే అడిగి రాయించుకోండి.

రెండో రోజు హోకర్ హాల్ అనే పాతకాలపు పెద్ద బంగళా. లాంకాస్టర్ నుంచి కార్క్ స్టేషన్‌కి రైలు, ఆర్న్‌సైడ్ దగ్గర నది మీదుగా పోయే వంతెన కోసమైనా కిటికీ పక్కన కూర్చోవాలి. కార్క్‌లో దిగాక నడకే. 1871లో మంటల్లో పడమటి భాగం కాలిపోతే పేలీ, ఆస్టిన్ మళ్లీ కట్టారు, మనకు చూపించేది ఆ భాగాన్నే. ఓక్ మెట్ల దగ్గర అక్క ఆగిపోయింది, కటకటాల్లో ఏ కర్ర చెక్కడమూ పక్కదానిలా లేదు! లైబ్రరీలో కరెంటు స్విచ్‌లను ఉత్తుత్తి పుస్తకాల వెనక దాచారు. టికెట్ ధర ఎక్కువనిపించినా తోటతో కలిపి పూట గడిచిపోతుంది, నాకైతే గిట్టుబాటే. శీతాకాలంలో మూసేస్తారు, తేదీలు చూసుకుని వెళ్లండి.

ఒక్క పూటే ఉంటే కెథడ్రల్, రోజంతా ఉంటే హోకర్. కానీ నా మనసు పడింది మాత్రం ఇంకో ఆదివారం బోల్టన్‌లో చూసిన లీవర్ బ్రిడ్జ్ చర్చి మీద. షార్ప్ బావమరిది వరసైన ఫ్లెచర్ బొగ్గు గనుల్లో మంచి బంకమట్టి దొరికింది. రాయి బదులు ఆ మట్టినే అచ్చులు పోసి కాల్చి, షార్ప్ 1842–45 మధ్య గోడలూ నగిషీలూ అన్నీ టెర్రకోటతోనే కట్టేశాడు. అక్కడివాళ్లు దాన్ని కుండ చర్చి అంటారు. శిఖరం తర్వాతి కాలంలో తీసేశారు, అది చూడలేకపోయామన్న బాధ ఉంది. గోడ మీద చెయ్యి పెడితే, చల్లటి రాయిలా కాదు, మన పెంకుటిల్లు తాకినట్టే అనిపించింది.