టాలీగంజ్ క్లబ్బు: చెట్లతో ఆడే గోల్ఫ్

శ్రీకాకుళం వాళ్లకి కలకత్తా అంటే ముందు నారమిల్లులే గుర్తొస్తాయి. ఆమదాలవలసలో రైలెక్కి టిటాగఢ్ వైపు వెళ్లి అక్కడే స్థిరపడిపోయిన కుటుంబాలు మా వీధిలో కూడా ఉన్నాయి. నేను వెళ్లింది ఆఫీసు ఉద్యోగానికి. కంపెనీ ఇప్పించిన మెంబర్‌షిప్పు పుణ్యమా అని దక్షిణ కలకత్తాలోని టాలీగంజ్‌లో గోల్ఫ్ మరిగాను. రిటైరై ఊరొచ్చాక, "ఎండలో ఆ బంతి వెనకాల తిరగడంలో ఏముంది బావా?" అని మా బావమరిది ఇప్పటికీ అడుగుతుంటాడు. అతనికి ఆట గురించి కాదు, ఆ నేల గురించి చెబుతాను.

అది ఒకప్పుడు జాన్సన్ అనే ఇంగ్లీషు కుటుంబం వాళ్ల నీలిమందు తోట. ఇప్పటి క్లబ్ హౌస్ 18వ శతాబ్దం చివర్లో వాళ్లు కట్టుకున్న బంగళాయే. 1806 వెల్లూరు తిరుగుబాటు తర్వాత టిప్పు సుల్తాన్ కుటుంబాన్ని కలకత్తా తరలించారు కదా, ఆ తోట కొన్నాళ్లకి వాళ్ల చేతికొచ్చింది. 1895లో విలియం క్రూక్‌షాంక్ అనే బ్యాంకరు క్లబ్బు పెట్టాడు. అయినా ఆ చుట్టుపక్కల వయసులో ఇది చిన్నదే! రాయల్ కలకత్తా 1829 నాటిది, బ్రిటిష్ దీవుల బయట అంతకన్నా పాత గోల్ఫ్ క్లబ్బు లేదు.

రాయల్‌లో చెరువులు ఏడిపిస్తాయి, టాలీలో చెట్లు. దూరం కొట్టగలిగినంత మాత్రాన ఇక్కడ లాభం లేదు. బంతి కాస్త పక్కకి పోయిందా, ఏ మర్రి ఊడల మధ్యో దూరుతుంది. అప్పుడు గుంత దగ్గరి జెండా వైపు చూడకుండా, బుద్ధిగా చిన్న ఐరన్‌తో (ఇనుప తల కర్ర) ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) మీదకి తోసుకోవడమే. నాకు నచ్చిందీ అదే. యాభై దాటినవాడు కూడా కుర్రాళ్లతో సమానంగా ఆడగలడు.

వానాకాలం మాత్రం నేను సిఫార్సు చెయ్యను. బంతి పడ్డచోటే బురదలో సగం దిగిపోతుంది, దొర్లదు. క్యాడీ (కిట్ మోసే మనిషి) తడిగుడ్డతో తుడిచి ఇచ్చేలోగా మళ్లీ చినుకులు. డిసెంబరు పొద్దుటిపూట సంగతి వేరు. గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద మంచు ఆరకముందు పట్ (బంతిని గుంత వైపు మెల్లగా దొర్లించే దెబ్బ) కొడితే బంతి వెళ్లిన దారి గీతలా కనిపిస్తుంది, మన వెనక ఆడేవాడికి ఉచిత పాఠం. సాయంత్రం నక్కలు తిరుగుతాయి. కోల్‌కతా నడిబొడ్డున నక్కలంటే మా వాళ్లు నమ్మరు గానీ, అవి మనుషుల్ని పట్టించుకోవు.

వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు చూసుకోండి. ఇది మెంబర్ల క్లబ్బు కాబట్టి తెలిసిన మెంబరుంటే పని సులువు. గోల్ఫ్ రాని ఇంట్లోవాళ్లకి ఈతకొలను, గుర్రపుస్వారీ ఉన్నాయి. మెట్రో దిగి నడిచి వెళ్లిపోవచ్చు, కిట్ బ్యాగు ఉంటే టాక్సీయే మేలు.