‘ది థర్డ్ మ్యాన్’ కోసం వియన్నా వెళ్తే శనివారం కలిసేలా వెళ్లండి

ఆసుపత్రి ఫార్మసీలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. పెన్సిలిన్ వయల్స్ లెక్కపెట్టి వార్డులకు పంపడం నా రోజువారీ పని. అందుకేనేమో, హైదరాబాదులో ఒక ఫిల్మ్ క్లబ్ వాళ్లు వేసిన ‘ది థర్డ్ మ్యాన్’ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యుద్ధం ముగిసిన వియన్నాలో పెన్సిలిన్‌ను కల్తీ చేసి దొంగచాటుగా అమ్మే ముఠా కథ అది. ఆ మందు ఎక్కించిన పిల్లల ముఖాలను దర్శకుడు కరోల్ రీడ్ ఒక్కసారి కూడా చూపించడు. మంచాల మధ్య నడుస్తున్న మనిషి ముఖం, ఒక నర్సు పడేసే ఎలుగుబంటి బొమ్మ, అంతే చూపిస్తాడు.

మా తమ్ముడు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తాడు. పోయిన అక్టోబరులో వాడి దగ్గరికి వెళ్లినప్పుడు వియన్నా వెళ్దామన్నాను. “అక్కా, ప్యాలెస్‌లు చూద్దామా, నీ సినిమా చూద్దామా?” అన్నాడు. ఒక పూట ప్యాలెస్‌కి, మిగతా అంతా సినిమాకి అని ఒప్పందం కుదిరింది. మ్యూనిక్ నుంచి రైలులో నాలుగు గంటల ప్రయాణం. శుక్రవారం సీటు రిజర్వు చేసుకోకపోవడం మా పొరపాటు, దారిలో సగం దూరం నిలబడ్డాం.

బస కార్ల్స్‌ప్లాట్జ్ అనే పెద్ద కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత భవనంలోని చిన్న లాడ్జిలో. బుకింగ్‌లో రెండో అంతస్తు అని రాసి ఉంది. తీరా చూస్తే నాలుగు అంతస్తుల మెట్లు! ఆ ఊరి పాత ఇళ్లలో కింది అంతస్తుకీ మొదటి అంతస్తుకీ మధ్య ‘హోఖ్‌పార్టెర్’, ‘మెజనీన్’ అని ఇంకో రెండు ఉంటాయి, వాటిని లెక్కలోకి తీసుకోరు. లిఫ్ట్ లేదు, రాత్రి ఎనిమిది దాటితే రిసెప్షన్‌లో మనిషి లేడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే లిఫ్ట్ ఉందో లేదో ముందే అడిగి తీరాలి. గది మాత్రం శుభ్రంగా ఉంది. కుళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వచ్చేవి, 1873లో వేసిన మొదటి పైపులైను నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. సీసాల నీళ్లు కొనక్కర్లేదు.

అదే రాత్రి ఓపెర్న్‌రింగ్‌లోని బుర్గ్ కినోకి వెళ్లాం. ఈ హాల్లో ‘ది థర్డ్ మ్యాన్’ను ఏళ్ల తరబడి వారంలో కొన్ని రోజులు ఇంగ్లీషులోనే వేస్తున్నారు. ముందు సినిమా చూసి తర్వాత ఊరు తిరగాలన్నది నా గట్టి సలహా. 1948 చివర్లో షూటింగ్ జరిగినప్పుడు వియన్నా నాలుగు దేశాల సైన్యాల చేతుల్లో ఉంది, తెర మీది శిథిలాలు చాలావరకు నిజమైనవే. అవి కళ్లలో ఉండగా బయటికొచ్చి దీపాలతో మెరిసే రింగ్ వీధిలో నిలబడితే ఒళ్లు జలదరించింది.

శనివారం పొద్దున, సినిమాలో వెంటాడే సన్నివేశం జరిగే మురుగు కాలువల టూర్. కార్ల్స్‌ప్లాట్జ్ పక్కన పార్కులో దిగుడు మెట్లున్నాయి. మే నుంచి అక్టోబరు దాకా, గురువారం నుంచి ఆదివారం వరకే జరుగుతుంది. వాన పడితే లోపల నీళ్లు పెరుగుతాయి కాబట్టి ఆపేస్తారు. టికెట్ ముందే తీసుకోండి. దీపం ఉన్న హెల్మెట్ ఇస్తారు, కాళ్లకు మూసి ఉండే బూట్లు వేసుకోవాలి. వాసన నేను భయపడినంత లేదు. గోడ మీద సినిమా ముక్కలు వేసి చూపిస్తారు. సినిమాలో ముఖ్య పాత్ర వేసిన నటుడు ఆర్సన్ వెల్స్ ఆ కాలువల్లో దిగడానికి ఇష్టపడకపోతే కొంత భాగం లండన్ స్టూడియోలో సెట్ వేసి తీశారు. ముక్కాలు గంటే అయినా డబ్బిచ్చి చూసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

మధ్యాహ్నం ప్రెస్‌గాసెలోని థర్డ్ మ్యాన్ మ్యూజియం. శనివారం మధ్యాహ్నాలు మాత్రమే తెరుస్తారు, అందుకే ఆ శీర్షిక పెట్టాను. ప్రభుత్వ సాయంతో కాకుండా సొంత అభిరుచితో సేకరించి పెట్టిన చోటు. ఆంటన్ కరాస్ వాయించిన జిథర్ ఇక్కడుంది. కరాస్ ద్రాక్షసారాయి దుకాణాల్లో వాయించుకునే మనిషి. ఆర్కెస్ట్రా ఏదీ లేకుండా సినిమా మొత్తానికీ ఆ ఒక్క తీగల వాయిద్యమే సంగీతం. పాత ప్రొజెక్టర్ మీద రెండు నిమిషాల ముక్క కూడా వేస్తారు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం యుద్ధానంతర వియన్నా గదులు. రేషన్ కార్డులు, ఆకలి, చలి. ఆ రోజుల్లో ఒక వయల్ విలువ ఎంతో అక్కడ అర్థమైంది.

రాత్రి ష్రేఫోగెల్‌గాసె 8వ నంబరు గుమ్మం. షాటెన్‌టోర్ దగ్గర, కొంచెం ఎత్తుగా ఉండే వీధి. అక్కడ టికెట్టూ లేదు, బోర్డులూ అక్కర్లేదు. ఆ గుమ్మంలో పిల్లి ఎవరి బూట్ల దగ్గర కూర్చుందో సినిమా చూడనివాళ్ల కోసం చెప్పను. పగలు వెళ్తే ఒట్టి తలుపే కనిపిస్తుంది, చీకటి పడ్డాకే వెళ్లండి.

ఆదివారం దుకాణాలన్నీ మూత, పెద్ద రైల్వేస్టేషన్లలోవి తప్ప. బ్రెడ్డూ పళ్లూ శనివారమే కొనిపెట్టుకోవాలి. మేం ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి ఆ పొద్దున ఆదుకుంది.

ప్రాటర్ అనే వినోద పార్కులోని పెద్ద చక్రం (జెయింట్ వీల్) 1897 నాటిది, దాదాపు 65 మీటర్ల ఎత్తు. యుద్ధంలో కాలిపోయాక తిరిగి కట్టినప్పుడు 30 పెట్టెల బదులు 15 పెట్టెలే పెట్టారు. మనిషికి పది యూరోల పైమాటే, సాయంత్రం వరుస పొడుగు. పొద్దునే వెళ్లడం మేలు. సినిమాలో ఇద్దరు స్నేహితులు ఆ పెట్టెలో నిలబడి కిందికి చూస్తారు. కింద కదిలే చుక్కల్లో ఒకటి ఆగిపోతే నీకు నిజంగా బాధేస్తుందా అని ఒకడు రెండోవాణ్ని అడుగుతాడు. పైకెళ్లి నేనూ చూశాను. ఇరవై రెండేళ్లు స్టాకు రిజిస్టరులో నాకు కనిపించినవి కూడా అంకెలే. ఒక్కో అంకె వెనక ఒక మంచం, ఒక మనిషి. దిగేదాకా తమ్ముడితో మాట్లాడలేకపోయాను. ఖరీదెక్కువే అయినా ఒక్కసారి ఎక్కాల్సిందే.

చివరగా 71 నంబరు ట్రామ్‌లో సెంట్రల్ శ్మశానవాటిక, రెండో గేటు దగ్గర దిగాలి. 1874లో తెరిచారు. బెథోవెన్, షూబర్ట్ సమాధుల దగ్గర పర్యాటకులుంటారు. చెట్ల వరుసల మధ్య దారుల్లోకి మళ్లితే ఎవరూ ఉండరు. సినిమా ఆఖరి షాట్ ఇలాంటి దారిలోనే తీశారు. ఆకులు రాలుతుంటే దూరం నుంచి ఒకామె నడిచి వస్తుంది, నిమిషం పైగా కెమెరా కదలదు. ముగింపు ఇంకోలా ఉండాలని రచయిత గ్రహమ్ గ్రీన్ మొదట పట్టుబట్టినా, రీడ్ చేసిందే సరైనదని తర్వాత ఒప్పుకున్నాడు. అక్టోబరు కాబట్టి మాకు కూడా ఆకులు రాలుతున్నాయి. తమ్ముడు ఒక చెట్టు కింద ఆగి, నన్ను ఆ చివరి నుంచి నడిచి రమ్మన్నాడు. ఫోన్ తీశాడు గానీ వీడియో తీయలేదు. నేను దగ్గరికొచ్చాక, “పద అక్కా, చలేస్తోంది,” అన్నాడు. ట్రామ్ దాకా మెల్లగా నడిచాం.