పాత పీసీలో ఆర్‌టీఎక్స్ 5060: కార్డు సరే, ఎస్‌ఎంపీఎస్ సంగతేంది?

హనుమకొండలో నయీంనగర్, సుబేదారి చుట్టుపక్కల రూముల్లో కనిపించే గేమింగ్ పీసీలు చాలావరకు ఒక్క తీరుగానే ఉంటాయి. నాలుగైదేళ్ల కిందటి మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు పంచే డబ్బా), అందులో ఒక జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. కార్డు మారుద్దామని షాపుకు పోతే ముందుగా చెప్పేది ఎన్విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 5060 పేరే. చెప్పడంలో తప్పు లేదు, 1080పీ ఆటలకు అది మంచి కార్డు. కానీ పైన చెప్పిన పీసీలో ఉన్నదున్నట్టు బిగిస్తే దాని సత్తా సగం బయటికే రాదు, ఒక్కోసారి తెర కూడా వెలగదు.

ముందు కార్డు సంగతి. 2025 మే 19న వచ్చింది, ఎన్విడియా పెట్టిన ధర 299 డాలర్లు. లెక్కలు చేసే కుడా కోర్లు 3840, 8 జీబీ జీడీడీఆర్7 మెమరీ, 128 బిట్ మెమరీ బస్సు (డేటా నడిచే దారి), 145 వాట్ల కరెంటు. దీనికి ముందున్న 4060లో కోర్లు 3072, వాడకం 115 వాట్లు. అసలు తేడా మెమరీ వేగంలో ఉంది: అప్పుడు సెకనుకు 272 జీబీ, ఇప్పుడు 448 జీబీ. ఆటల్లో లెక్క చూస్తే 4060 కన్నా సుమారు ఐదో వంతు ఎక్కువ ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) వస్తాయి, కొన్నిట్లో ఇంకాస్త. 4060 ఉన్నవాళ్లు మారాల్సిన పని లేదు. 1650 నుంచి వచ్చేవాళ్లకు మాత్రం ఇది వేరే లోకం.

డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండే మల్టీ ఫ్రేమ్ జనరేషన్ చూసి మురిసిపోవద్దు. ఒక అసలు ఫ్రేముకు మూడు తయారుచేసిన ఫ్రేములు కలిపి చూపించే పద్ధతి అది. అసలు ఫ్రేములు 60 దాకా వస్తున్నప్పుడు, 144 లేదా 180 హెర్ట్జ్ మానిటర్ ఉన్నప్పుడు బాగుంటుంది. అసలు ఫ్రేములే 25 ఉంటే మీటరు 90 చూపిస్తుంది గానీ మౌసు మాత్రం బురదలో కదిలినట్టే ఉంటుంది. పైగా ఆ ఫీచరు కూడా మెమరీ తింటుంది. ఉన్నదే 8 జీబీ.

ఆ 8 జీబీయే ఈ కార్డుకున్న అసలు లోపం. టెక్స్చర్లు (ఆటలో గోడలు, నేల మీద కనిపించే బొమ్మలు) అల్ట్రాలో పెడితే కొత్త పెద్ద ఆటలు 8 జీబీ దాటుతాయి. దాటిన సరుకు పీసీ ర్యామ్‌లోకి పోతుంది, కావలసినప్పుడల్లా పీసీఐఈ స్లాటు (బోర్డులో కార్డు బిగించే చోటు) గుండా వెనక్కి రావాలి. స్లాటు పొడవు 16 లేన్లదే (లేన్ అంటే డేటా నడిచే వరుస) అయినా 5060 వాడుకునేది 8 లేన్లే. పీసీఐఈ 4.0 తరం బోర్డులో ఆ 8 లేన్లకు సెకనుకు దాదాపు 16 జీబీ దారి ఉంటుంది, 3.0 బోర్డులో దాదాపు 8 జీబీ మాత్రమే. కార్డు లోపల 448 జీబీ వేగంతో ఉరికే సరుకు ఇక్కడికొచ్చి మేడారం జాతరప్పుడు తాడ్వాయి రోడ్డు మీద బస్సులా నిలబడిపోతుంది. సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి, మలుపు తిరిగిన ప్రతిసారీ మాత్రం ఆట ఆగి ఆగి నడుస్తుంది.

కాబట్టి మీ బోర్డు ఏదో ముందే చూసుకోవాలి. బీ450, ఏ520, హెచ్410 రకం బోర్డు అయితే పీసీఐఈ 3.0. బీ550 అయితే 4.0 అని షాపులో చెప్తారు, అది సగం నిజమే. అందులో ఉన్న ప్రాసెసర్ రైజెన్ 5600జీ గానీ 5500 గానీ అయితే అదీ 3.0 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే ఆ లేన్లు వచ్చేది ప్రాసెసర్ నుంచి. హెచ్510లో పదో తరం ఇంటెల్ ఉంటే 3.0, పదకొండో తరం ఉంటే 4.0. హెచ్610, బీ660 వాళ్లకు బెంగ లేదు. 3.0 పీసీ అని కార్డు కొనొద్దని కాదు. టెక్స్చర్లు ఒక మెట్టు దించి 8 జీబీ లోపల ఉంచితే తేడా పెద్దగా తెలియదు. అల్ట్రా మీదే మనసుంటే డబ్బు కూడబెట్టి దీని పై మెట్టు 5060 టీఐలో 16 జీబీది తీసుకోండి. అదే టీఐ 8 జీబీలోనూ దొరుకుతుంది, పేరు చూసి మోసపోవద్దు.

ఇక ఎస్‌ఎంపీఎస్. 1650 తినేది 75 వాట్లు, అదీ చాలా మోడళ్లలో నేరుగా స్లాటు నుంచే. అందుకే క్యాబినెట్‌తో వచ్చిన డబ్బాకు ఇన్నేళ్లూ పరీక్ష పడలేదు. "450 వాట్స్ ఉంది అన్నా, నడుస్తది" అంటారు. నడుస్తుందో లేదో చెప్పేది ఆ పెద్ద అంకె కాదు, పక్కన అంటించిన లేబుల్. అందులో +12వీ దగ్గర ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి 12తో గుణించండి. 16 ఆంపియర్లుంటే 192 వాట్లు. డబ్బా మీద 450 అని రాసినా కార్డుకూ ప్రాసెసర్‌కూ దొరికేది అంతే. ఇటు అవసరం చూడండి: కార్డుకు 145, 65 వాట్ల రకం రైజెన్ ఒత్తిడిలో తీసుకునేది 88, ఫ్యాన్లు, డిస్కులు, బోర్డు కలిపి ఒక 50. మొత్తం 283. ఎన్విడియా అడిగేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న మంచి కంపెనీ 550 తీసుకుంటే తర్వాతి కార్డుకూ పనికొస్తుంది.

పాత ఎస్‌ఎంపీఎస్‌లో కార్డుకిచ్చే 8 పిన్ను వైరే ఉండకపోవచ్చు. అప్పుడు రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, మోలెక్స్ (పాత డిస్కులకు ఇచ్చే 4 పిన్నుల వైరు) నుంచి 8 పిన్ను చేసే చవక కన్వర్టర్ పెట్టడం. సన్న వైరు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. రెండోది ఇంకా ప్రమాదం: ప్రాసెసర్ కోసం ఉండే 4+4 పిన్నును బలవంతంగా కార్డులో దూర్చడం. చూడటానికి అవి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ 12 వోల్టులూ గ్రౌండూ అటూ ఇటూ తారుమారు. కార్డుకు పెట్టే దానికి 6+2 అనే విరుపు ఉంటుంది, వైరు మీద పీసీఐఈ అని రాసి ఉంటుంది.

ఇదే లెక్క యూపీఎస్‌కూ వర్తిస్తుంది. 600 వీఏ (యూపీఎస్ డబ్బా మీద రాసే సామర్థ్యం) అంటే సాధారణంగా 360 వాట్లే. పైన చెప్పిన 283, ఎస్‌ఎంపీఎస్ నష్టం కలిపితే గోడ దగ్గర 330 దాటుతుంది, మానిటర్ కలిస్తే అంచుకొస్తుంది. ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ ఒక్క కూత పెట్టి తానూ పడుకుంటుంది. 1000 వీఏ పైన చూడండి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనుక మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి, లేకుంటే మారే ఆ క్షణంలోనే పీసీ రీస్టార్ట్ అవుతుంది.

పాత అద్దె ఇళ్లలో ఇంకో బాధ ఎర్తింగ్. క్యాబినెట్‌ను తాకితే చేతికి జివ్వుమంటే అది కార్డు లోపం కాదు. ఎర్త్ లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఒంటికి కొద్ది కరెంటు పాకుతుంది. మల్టీమీటర్‌తో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 దాకా, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య సున్నాకు దగ్గరగా రావాలి. రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాకే కొత్త కార్డు. అప్పటిదాకా పీసీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ వైరు పీకి పెట్టకండి.

తెర నల్లగా ఉండిపోయే సమస్య పాత బోర్డుల మీద 5060కి మొదటి నుంచీ ఉంది. కారణం ఎక్కువగా బయోస్‌లో (పీసీని లేపే బోర్డు సాఫ్ట్‌వేర్) లెగసీ, అంటే సీఎస్‌ఎం అనే పాత బూట్ పద్ధతి ఆన్‌లో ఉండటం. పాత కార్డు ఉండగానే పని ముగించండి. విండోస్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 తెరిచి బయోస్ మోడ్ చూడండి. లెగసీ అని ఉంటే డేటా కాపీ తీసుకుని, ఎంబీఆర్2జీపీటీ కమాండ్‌తో డిస్కును కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, బయోస్‌లో సీఎస్‌ఎం ఆపేయండి. డిస్కు మార్చకుండా సీఎస్‌ఎం ఆపితే విండోస్ లేవదు. బోర్డు బయోస్ కూడా అప్పుడే అప్‌డేట్ చేసుకోవాలి. అయినా నల్లగానే ఉంటే 5060 సిరీస్ కోసం ఎన్విడియా ఇచ్చిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్ టూల్ ఉంది. విండోస్ 11లో వాలరెంట్ ఆడేవాళ్లకు, సీఎస్‌ఎం ఆపితేనే పని చేసే సెక్యూర్ బూట్ ఎలాగూ తప్పదు, కాబట్టి ఈ శ్రమ ఊరికే పోదు.

ఎక్కడ కొనాలి? ఎస్‌ఎంపీఎస్, మానిటర్ హనుమకొండలోనే మేలు. చెడితే మోసుకుపోయేది దగ్గరికే, మానిటర్‌లో చచ్చిన పిక్సెళ్లు కౌంటర్ మీదే చూసుకోవచ్చు. కార్డు విషయంలో సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో మోడళ్లు ఎక్కువ, బేరానికి చోటుంటుంది. కాజీపేటలో రైలెక్కితే 132 కిలోమీటర్లు. రానూపోనూ ఖర్చు, ఒక రోజు పని కలుపుకుని తేడా వెయ్యి రూపాయల లోపే అయితే ఇక్కడే తీసుకోండి. రెండు ఫ్యాన్ల చవక మోడల్ చాలు. 145 వాట్ల కార్డుకు మూడు ఫ్యాన్లు, రంగుల లైట్లు అంటే షోకు ఖర్చే. అదీగాక 300 మిల్లీమీటర్ల కార్డు చిన్న క్యాబినెట్‌లో పట్టదు, టేపు పెట్టి కొలిచి వెళ్లండి.

ఎక్కడ కొన్నా సీరియల్ నంబర్ రాసిన జీఎస్‌టీ బిల్లు తీసుకోవాలి. డబ్బా మీది నంబరూ కార్డు వెనకదీ ఒకటేనా చూసి ఫొటో తీసుకోండి. "బిల్లు వద్దంటే 18 శాతం తగ్గిస్తా" అనే మాటకు లొంగితే మూడేళ్ల వారంటీ ఆ రోజే పోయినట్టు. ఆన్‌లైన్ అయితే సీలు విప్పడం మొదలు కార్డు బయటికొచ్చేదాకా కోత లేని వీడియో ఉండాలి. తగాదా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

బిగించాక మానిటర్ వైరు బోర్డుకు కాదు, కార్డుకే పెట్టాలి. నవ్వొస్తుంది గానీ "కొత్త కార్డు పని చేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఇది మామూలే. వీజీఏ సాకెట్టు ఉండదు, పాత మానిటర్‌కు కన్వర్టర్ కావాలి. విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో హెర్ట్జ్ మార్చకపోతే 144 మానిటర్ కూడా 60 దగ్గరే ఉంటుంది. జీపీయూ-జెడ్ అనే టూల్‌లో బస్ ఇంటర్‌ఫేస్ పక్కన ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే 3.0నా 4.0నా తేలిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని చూపిస్తే భయపడొద్దు, అది కరెంటు పొదుపు.

ఎండాకాలం సంగతి వేరు. మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో ఆట పెట్టి పావుగంట ఉష్ణోగ్రత చూడండి, తర్వాత క్యాబినెట్ పక్క తలుపు తీసి మళ్లీ చూడండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే తప్పు కార్డుది కాదు, ముందు అద్దంతో మూసేసిన క్యాబినెట్‌ది. ఆఫ్టర్‌బర్నర్ అనే టూల్‌లో కార్డు పవర్ లిమిట్ 85 శాతానికి దించితే పోయే ఫ్రేములు కొన్నే, తగ్గే వేడి ఎక్కువ. దుమ్ము రెండు నెలలకోసారి దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది.