ఇంట్లో నడిపే చిన్న సైటుకు ఏ వెబ్ సర్వర్? నాలుగేళ్ల వాడకం తర్వాత నా మాట

మా నాన్నగారు రాసిన పద్యాలు, ఊరి పాత ఫొటోలు పెట్టుకున్న సైటు మాది. 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 4 మీద, హాల్లో రౌటర్ పక్కనే నడుస్తోంది. చూసేవాళ్లు చుట్టాలు, ఊరివాళ్లు.

మొదట, సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ కోసం అపాచీ అనే వెబ్ సర్వర్ (అడిగినవాళ్లకు పేజీలు పంపే ప్రోగ్రామ్) పెట్టాను. తర్వాత అన్నీ మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చేసి ఎన్‌జింక్స్ అనే ఇంకో సర్వర్‌కి వచ్చాను. మెమరీ చాలా తక్కువ తింటుంది, వేగానికి వంక పెట్టలేం.

దెబ్బ తగిలింది, సైటు అసలుదేనని బ్రౌజర్‌కి రుజువు చేసే సర్టిఫికెట్ దగ్గర. కొత్త రౌటర్ పెట్టినప్పుడు సైటుకు వచ్చే రెండు దారుల్లో (పోర్ట్‌లు), సురక్షిత రాకపోకలకు వాడే 443 తెరిచి, మామూలువాటికి వాడే 80 తెరవడం మర్చిపోయాను. సైటు బాగానే వస్తోంది కదా అని ఊరుకున్నాను. ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్ గడువు 90 రోజులు. దాన్ని కొత్తగా తెచ్చే సర్ట్‌బాట్‌ని నేను 80 పోర్ట్ మీదే ఆధారపడేలా పెట్టుకున్నాను. ఒకరోజు పొద్దున్నే అమెరికా నుంచి అక్క ఫోన్: "ఒరేయ్, నాన్న పద్యాలు తెరుస్తుంటే సురక్షితం కాదంటోందిరా!" ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆ వారమే క్యాడీ అనే వెబ్ సర్వర్‌కి మారాను. రెండున్నరేళ్లయింది, సర్టిఫికెట్ సంగతి మళ్లీ నేను చూడలేదు. అదే తెచ్చుకుంటుంది, గడువు దగ్గరపడితే అదే మార్చుకుంటుంది. 80 మూసి ఉన్నా 443 మీదుగా కూడా ప్రయత్నిస్తుంది. నా సెట్టింగుల ఫైలు నాలుగే లైన్లు: సైటు పేరు పక్కన బ్రాకెట్, ఫోల్డర్ దారి, 'ఫైల్ సర్వర్' అన్న మాట, ముగింపు బ్రాకెట్. ఇంట్లో సర్వర్ పెట్టుకునేవాళ్లకు వేగం కన్నా ఇదే ముఖ్యమని నా గట్టి నమ్మకం. మనం ఊరెళ్లినా అది తన పని తాను చేసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. మెమరీ ఎన్‌జింక్స్ కన్నా ఎక్కువే తీసుకుంటుంది. ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో (కంటైనర్లు) నడిపే డాకర్‌లో పెడితే దాని డేటా ఫోల్డర్‌ని బయట భద్రపరచాలి. నేను అలా చేయక, కంటైనర్ మార్చిన ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్ అడిగింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఒకే పేరుకు వారానికి ఐదే ఇస్తారు, ఆరోసారి ఆగిపోయింది. అపాచీలో ఫోల్డర్‌వారీగా సెట్టింగులు పెట్టే హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లు ఇందులో పనిచేయవు కాబట్టి, వాటిమీద నడిచే వర్డ్‌ప్రెస్ సైటుంటే అపాచీలోనే ఉండండి.

ఇంకొకటి. ఎవరెవరు ఏ పేజీ చూశారో క్యాడీ తనంతట తాను రాసిపెట్టదు. మొదటిరోజే ఆ నాలుగు లైన్ల మధ్య 'లాగ్' అన్న ఐదో లైను చేర్చండి.