రెండో టర్బో నలభై రోజులకే పోయింది: ఏడేళ్ల పికప్ అనుభవం

2018లో కొన్న బీఎస్4 (బీఎస్6కి ముందటి పొగ నిబంధనల) డీజిల్ పికప్, అంటే చిన్న సరుకు బండి ఇది. ఇప్పటికి 2 లక్షల 60 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు, చెప్పబోయే గొడవలో దాని తప్పు తక్కువ. హార్స్‌పవర్ ఎంత, లోడు ఎంత అన్నవి షోరూం కాగితంలోనే ఉంటాయి.

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా సిమిలిగుడ, కొండ మీది ఊరు. కొండ కింద ఆంధ్రాలోని సాలూరు నుంచి కిరాణా సరుకు పైకి, ఇక్కడి అల్లం, కూరగాయలు కిందికి. వారానికి నాలుగు ట్రిప్పులు. కోనవలస చెక్‌పోస్టు దాటాక ఇక ఎక్కుడే ఎక్కుడు. సాలూరు నుంచి మా ఊరికి ఏడొందల మీటర్లకు పైనే ఎక్కాలి. నా పాత బండికి టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే బుల్లి ఫ్యాను, లేదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, దారిలోని సుంకి ఊరి మలుపుల్లో సెకండ్ గేరులో మూలుగుతూ, నల్లటి పొగ కక్కుకుంటూ ఎక్కేది. ఇది అలా కాదు. గాలిని టర్బో కుక్కి పంపుతుంది కాబట్టి పైన కూడా కింద లాగినట్టే లాగుతుంది. మలుపు తిరిగి యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం ఆలోచించి, వెనక నుంచి ఎవరో తోసినట్టు అందుకుంటుంది. ఆ సంబరంలో ‘లక్షన్నర దాకా ఇంజిన్ మీద చెయ్యి వెయ్యలేదు’ అని ఊరంతా చెప్పాను. నా మాట విని ఇద్దరు కొన్నారు కూడా.

వాళ్లకు చెప్పనిది ఇప్పుడు చెబుతాను. లక్షా ఇరవై వేల దగ్గరే సన్నగా ఈల మొదలైంది. డిప్‌స్టిక్‌లో ఆయిల్ తగ్గుతుంటే అర లీటరు పోసుకుంటూ తిరిగాను. బండి పాతబడింది, తాగుద్దిలే అనుకున్నాను.

2023 వానాకాలం. ఉల్లిపాయల లోడుతో సుంకి దాటి పొట్టంగి వైపు ఎక్కుతుంటే అద్దంలో వెనక రోడ్డు కనిపించడం మానేసింది. అంతా నీలం కలిసిన తెల్లటి పొగ. వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆపేశాను. అప్పుడు ఆపడం అదృష్టమని తర్వాత తెలిసింది. టర్బోలో ఆయిల్ కారకుండా ఆపే సీలు పోతే డీజిల్ ఇంజిన్ తన ఆయిలే తాను తాగి, తాళం తీసేసినా ఆగకుండా అరిచి పగిలిపోవచ్చట.

తాడు కట్టి దగ్గర్లో షెడ్డుకి లాగించాను. గాలి గొట్టం ఊడదీసి టర్బో షాఫ్టుని, అంటే ఫ్యాను తిరిగే ఇరుసుని, వేళ్లతో పట్టుకుంటే పన్ను ఊగినట్టు ఊగింది. కొత్త టర్బో 38 వేలు, బిగింపు నాలుగు వేలు. సాయంత్రానికి బండి చేతికిచ్చారు. ఎంత ఫాస్టుగా చేశారో అని పొగిడాను.

సరిగ్గా నలభయ్యో రోజు, అదే ఘాట్ రోడ్డులో, సైరన్ లాంటి కూత. తర్వాత బండి లాగడమే మానేసింది. షెడ్డువాళ్లు ‘సరుకు నాసిరకం, షాపువాణ్ణి అడుక్కో’ అన్నారు. షాపువాడు విప్పి చూసి ‘ఆయిల్ అందక కాలింది, వారంటీ రాదు’ అన్నాడు. ఇద్దరినీ తిట్టుకున్నాను గానీ షాపువాడు చెప్పిందే నిజం.

సాలూరు లారీల ఊరు. అక్కడ ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన టర్బో వైపే చూడలేదు. దానికి ఆయిల్ తెచ్చే పెన్సిలంత పైపు ఊడదీసి నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, గాలి పోలేదు. క్లచ్ వైరులోంచి ఒక పోగు లాగి పైపులో తిప్పితే మాడిన బెల్లం పెంకుల్లాంటివి నల్లగా రాలాయి. ఒకటి గోటితో నలిపి అడిగాడు: “టీ ఎక్కడ తాగుతావు బాబూ?”

సుంకిలో అన్నాను.

“ఏటి, ఆగీ ఆగగానే తాళం తిప్పేస్తావా?”

అంతే మరి. ఘాటెక్కినప్పుడు ఆ షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, అదీ ఆయిల్ పొర మీద తేలుతూ. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపు ఆగుతుంది గానీ వేడి ఎక్కడికీ పోదు. అక్కడ నిలిచిపోయిన ఆయిల్ మాడి పెంకు కడుతుంది. ఐదేళ్లు, వారానికి నాలుగు టీలు. లెక్కేస్తే వెయ్యి. మొదటి టర్బో నా ఖాతాలోదే. రెండోది మాత్రం ఎనిమిదొందల యాభై రూపాయల పైపు మార్చని షెడ్డువాడి ఖాతా. 38 వేల వస్తువు బిగించేవాడికి ఆ పైపు చూడాలని తెలియదా? ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

పెద్దాయన రెండు రోజులు తీసుకున్నాడు. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే సంపు విప్పి జాలీ కడిగాడు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో పేరుకున్న ఆయిల్ ఒంపాడు. పైపు, రాగి వాషర్లు, ఆయిల్, ఫిల్టర్ కొత్తవి. మూడో టర్బో బిగించేముందు దాని కన్నంలో ఆయిల్ పోసి వేలితో తిప్పాడు. తర్వాత ఇంజిన్ అందుకోకుండా ఉత్త సెల్ఫ్ కొట్టించి, టర్బో నుంచి ఆయిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపులోంచి ఆయిల్ కారడం చూశాకే స్టార్ట్ చెయ్యమన్నాడు. మొత్తం 52 వేలు. ఆ తర్వాత 70 వేల కిలోమీటర్లు పైనే తిరిగింది. ఆయిల్ చుక్క తగ్గలేదు.

ఇప్పుడు ఎనిమిది వేలకే ఆయిల్ మారుస్తున్నాను, బుక్కులో ఇంకా ఎక్కువ రాసి ఉన్నా సరే. ఎండాకాలం ఎర్రదుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ నెలకోసారి చూస్తాను. సుంకిలో ఆగితే ఇంజిన్ ఆపకుండా రెండు నిమిషాలు ఐడిలింగ్. టీ కొట్టు కుర్రాడు గ్లాసు కేబిన్ దగ్గరికే తెస్తాడు.

కొనొచ్చా అంటే, నా బండి నేనే నడుపుతాను, నా రూటు కొండ. మళ్లీ టర్బో లేని బండి ఎక్కమంటే ఎక్కను. జీతానికి డ్రైవర్ని పెట్టి నడిపేవాళ్ల సంగతి వేరు, ఆ రెండు నిమిషాలు ఎవరు లెక్కపెడతారు? బీఎస్6 బండి మా బావమరిదికి ఉంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు తిప్పితే పొగలో మసిని పట్టే ఫిల్టర్ లైటు వెలుగుతుంది, ఘాటెక్కి దిగితే ఆరిపోతుంది. నాకు తెలిసింది అంతవరకే.

మొన్నటి నుంచి మళ్లీ సన్నగా ఈల వినిపిస్తోందని మా ఆవిడ అంటోంది. షాఫ్టు పట్టుకుని చూశాను, గట్టిగానే ఉంది. హోస్ క్లాంపు వదులై ఉండొచ్చు. శనివారం సాలూరు దిగినప్పుడు పెద్దాయనకు చూపించాలి.